కరువు నేలలో బాప్తిస్మ జలం: కణేకల్ ప్రాంతం నుండి ఒక చారిత్రక పరిశీలన

బాప్తిస్మానికి నీళ్లు కావాలి. ఎన్ని నీళ్లు కావాలన్న విషయంపై సంఘాలు శతాబ్దాలుగా వాదించుకుంటూ వచ్చాయి. తలమీద చిలకరిస్తే చాలునా, మనిషిని పూర్తిగా ముంచాలా అన్న తర్కం మీద మన తెలుగు సంఘాలలోనే ఎన్నో కరపత్రాలు, చర్చలు, చీలికలు వచ్చాయి. అయితే ఆ నీళ్లు ఎవరివి, వాటిని ఎవరు ముట్టుకోవచ్చు అన్న ప్రశ్న ఆ తర్కంలో పెద్దగా వినబడదు. మెట్ట ప్రాంతంలో నిలబడి బాప్తిస్మ చరిత్రను చదివేవారికి ముందుగా తట్టేది మాత్రం ఆ ప్రశ్నే. దానిని పట్టుకొని తెలుగు క్రైస్తవ చరిత్రలోని కొన్ని ఘట్టాలను తిరిగి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు కణేకల్‌ను ఎన్నుకోవడానికి కారణముంది. అనంతపురం జిల్లాలో వాయవ్యంగా, కన్నడ సీమకు ఆనుకొని ఉన్న ఈ మండలం ఒకప్పుడు రాయదుర్గం తాలూకాలో భాగం. ఆ తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వర్షం పడే జిల్లా ఇది. పక్కనే వేదవతీ నది ఉంది, ఇక్కడివారు హగరి అంటారు. నది అన్నమాటే గాని సంవత్సరంలో ఎక్కువకాలం కనిపించేది ఇసుకే. ఎగువన మైసూరు సంస్థానం 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టింది. 1961 నాటికి భైరవానితిప్ప ఆనకట్ట వచ్చింది. నైరుతి గాలులకు హగరి ఇసుక ఎగిరి కణేకల్, బొమ్మనహాళ్ మండలాల పొలాల మీద దిబ్బలుగా పేరుకుపోవడం ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన బాధ. ఇటువంటి ఏటిలో నీళ్లు కావాలంటే చెలమ తవ్వాలి. రెండు మూడు అడుగుల గుంట తీసి, ఊట ఊరేదాకా కూర్చొని, చిప్పతోనో చెంబుతోనో ఎత్తి కడవ నింపుకోవాలి. చెలమ నీటితో గొంతు తడుస్తుంది. మనిషి మునగడానికి అది చాలదు.

ప్రొటెస్టెంటు మిషనులలో ఈ సీమకు ముందు వచ్చింది లండన్ మిషనెరీ సొసైటీ. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారిలో పని మొదలుపెట్టాడు. తరువాత కడప, గుత్తి, అనంతపురం ఆ సొసైటీ కేంద్రాలయ్యాయి. వీరిలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ సంఘాలవారు. నీళ్లు చిలకరించి బాప్తిస్మమివ్వడం, విశ్వాసుల పసిబిడ్డలకు కూడా ఇవ్వడం వారి ఆచారం. నీళ్లు కరువైన చోట చిలకరింపు వచ్చిందని, ఏరు పారే కోస్తాలో ముంచుడు వచ్చిందని చెప్పేస్తే వినడానికి సొంపుగానే ఉంటుంది. కాని అది నిజం కాదు. ఆ దొరలు నీళ్లకు కొదువలేని ఇంగ్లండులో కూడా చిలకరించేవారే. ముంచి ఇచ్చే అమెరికన్ బాప్టిస్టులు తమ అతిపెద్ద బాప్తిస్మాన్ని మహా కరువు ముగిసీ ముగియని రోజుల్లో, వానకాలంలో తప్ప నిండుగా పారని గుండ్లకమ్మలో జరిపించారు. పద్ధతి ఓడలో వచ్చింది, ఈ నేల నుండి మొలిచింది కాదు. ఈ నేల నిర్ణయించింది పద్ధతి అర్థాన్ని.

ఎడారి అంచున ఆదిమ సంఘం

నీళ్లు తక్కువైన చోట ఏం చేయాలన్న ప్రశ్న ఆదిమ సంఘానికి కొత్త కాదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియోపీయుడైన నపుంసకుడు బాప్తిస్మం పొందినది గాజాకు పోయే అరణ్యమార్గంలో. దారిలో నీళ్లు కనబడగానే తనకేమి ఆటంకమని అతడే అడిగాడు. రథం మీద పోయే ఆ అధికారిని ఎంత లోతు నీటిలో ముంచారన్నది లూకా చెప్పలేదు. నపుంసకునికి దేవుని సమాజంలో చోటు లేదన్న ద్వితీయోపదేశకాండము 23:1 నిషేధం తెలిసిన పాఠకునికి, అతని ప్రశ్నలోని ఆటంకమన్న మాట లోతు కంటే ఎక్కువగా తగులుతుంది.

మొదటి శతాబ్దం చివరనో రెండవ శతాబ్దం ఆరంభంలోనో కూర్చబడిందని పండితులు భావించే డిడాకే అనే ఉపదేశ గ్రంథం ఈ విషయాన్ని ఇంకా సూటిగా తేల్చింది. దాని 7వ అధ్యాయం ప్రకారం పారే నీటిలో బాప్తిస్మమివ్వాలి. అది లేకపోతే మరే నీరైనా సరే. చన్నీళ్లు వీలుకాకపోతే వెచ్చని నీళ్లు. ఏదీ సరిపడా దొరకకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున మూడుసార్లు తలమీద పోయాలి. ఈ గ్రంథపు ప్రతిని ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో కనుగొన్నాడు, 1883లో అచ్చువేయించాడు. అంటే తెలుగు నేలమీద ముంచుడు, చిలకరింపు వివాదం రగిలిన తొలి దశాబ్దాలలో ఈ సాక్ష్యం ఏ మిషనెరీ చేతిలోనూ లేదు. ఉంటే వాదం ఆగేదా అంటే నాకు అనుమానమే. ఉభయులూ తమకు కావలసిన వాక్యం దగ్గర ఆగేవారు.

యూఫ్రటీసు తీరంలో, సిరియా ఎడారి అంచున ఉన్న దూరా యూరోపోస్‌లో 1930లలో ఒక గృహసంఘం బయటపడింది. క్రీ.శ. 256 ప్రాంతంలో నాశనమైన ఆ పట్టణంలో బాప్తిస్మానికి ప్రత్యేకించిన గది, అందులో ఒక తొట్టి ఉన్నాయి. పెద్దవాడు పూర్తిగా పడుకొని మునిగేంత తొట్టి కాదది. లోపల నిలబెట్టి నీళ్లు పోసేవారని పలువురు పరిశోధకుల అభిప్రాయం. గోడలమీద మంచి కాపరి, సమరయ స్త్రీ బావి దగ్గర ఉన్న దృశ్యం చిత్రించబడ్డాయి. నీళ్ల తొట్టి ఉన్న గదిలో బావి దగ్గరి స్త్రీ బొమ్మ గీసినవారికి మన ఊళ్లు తెలియవు. అయినా యోహాను 4వ అధ్యాయంలో ఉన్నది ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగవచ్చునన్న గొడవే గదా.

పేరులోనే పేచీ

తెలుగులో ఈ సంస్కారానికి రెండు పేర్లున్నాయి. కతోలికులు జ్ఞానస్నానం అంటారు. ప్రొటెస్టెంట్లు గ్రీకు మాటను అలాగే ఉంచి బాప్తిస్మం అన్నారు. మొదటిది యేసుసభ గురువుల పలుకుబడి, తమిళంలోనూ అదే మాట. స్నానం అనగానే ఈ దేశంలో ఏటి స్నానం, పుణ్యస్నానం, మైలస్నానం, తలంటు అన్నీ గుర్తుకొస్తాయి. వాటి మధ్య తేడా చూపడానికి ముందు జ్ఞానం అన్న మాట తగిలించారు. రెండవ మాటలో ఆ చిక్కు లేదు గాని, అర్థం కూడా లేదు. వినేవాడికి ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి.

అలా అర్థం లేకుండా ఉంచడమే బైబిలు సొసైటీలకు కావలసి వచ్చింది. శ్రీరామపురం బాప్టిస్టులు తమ అనువాదాలలో ముంచుట అన్న అర్థం వచ్చే దేశీయ పదం వాడారు. బెంగాలీ బైబిలు విషయంలో ఇది ముదిరి, 1830లలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ అటువంటి అనువాదాలకు డబ్బు ఇవ్వనన్నది. అమెరికాలో బాప్టిస్టులు 1836లో వేరే సొసైటీయే పెట్టుకున్నారు. అందరూ కలిసి చదువుకోవలసిన పుస్తకంలో ఎవరి పక్షమూ వహించని మాట కావలసి వచ్చి గ్రీకు పదం నిలిచింది. మన పల్లెల్లో బాప్తీసం తీసుకున్నాడు అని సాగదీసి పలికే మాట వెనుక లండను, న్యూయార్కు కమిటీల రాజీ ఉందన్నమాట.

ఎంగిలి

ముంచుడు, చిలకరింపుల వాదం కంటే పాతది, ఈ నేలకు మరింత దగ్గరిది ఇంకొకటి ఉంది. పద్దెనిమిదవ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషను పేరుతో తెలుగు సీమలో ప్రవేశించారు. పుంగనూరు, అనంతపురం ప్రాంతపు కృష్ణాపురం వారి తొలి కేంద్రాలలోనివి. మధురలో రాబర్టు నోబిలీ నడచిన బాటలోనే వీరు సన్యాసుల వేషంలో, శాకాహారులై, అగ్రకులాలవారు మెచ్చే నడవడితో బోధించారు. రెడ్లు, ఇతర కాపుదనపు కులాలవారు కొందరు వీరి మాట విన్నారు.

రోమను ఆచారం ప్రకారం బాప్తిస్మ సమయంలో గురువు తన ఉమ్మిని వేలితో తీసి అభ్యర్థి చెవులకు, ముక్కుకు తాకించాలి. మార్కు 7:33లో యేసు చెవిటివానికి చేసినదానికి అది గుర్తు. ముఖం మీద ఊదడం, నాలుక మీద ఉప్పు వేయడం కూడా ఉండేవి. ఎంగిలి అన్న మాట పుట్టిన దేశంలో ఉమ్మి తాకించడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒకరు కొరికిన పండు ఇంకొకరు ముట్టని ఇళ్లలో పుట్టినవానికి, శుద్ధి చేస్తామని పిలిచి ఎంగిలి పూసినట్టుంటుంది. అందుకని గురువులు ఆ భాగాన్ని మెల్లగా విడిచిపెట్టారు.

పోపు పంపిన ప్రతినిధి షార్ల్ ద తూర్నో పుదుచ్చేరిలో 1704 జూన్ 23న ఒక శాసనం వెలువరించాడు. ఉమ్మి, ఉప్పు, ఊదడం ఏదీ మానడానికి వీలులేదన్నాడు. పేర్లు పునీతుల పట్టికలోనుండే పెట్టాలన్నాడు. దేశీయ ఆచారం ప్రకారం వేళకు చేసే స్నానాలు కూడదన్నాడు. జబ్బుపడిన పరయల ఇళ్లకు వెళ్లి గురువులు సంస్కారాలు ఇవ్వాలన్నాడు. నలభై ఏళ్ల వివాదం తరువాత పోపు 14వ బెనెడిక్టు 1744 సెప్టెంబరు 12న దీనిని స్థిరపరచాడు. అయితే ఉమ్మి, ఊదడం విషయంలో పరిమిత కాలానికి కొంత సడలింపునిచ్చాడు, అంటరానివారికి వేరుగా గురువులను ఏర్పరచే పద్ధతిని ఒప్పుకున్నాడు.

చరిత్రకారులు ఈ శాసనాన్ని సాధారణంగా పరాయివాని మొండితనంగా చూపిస్తారు. అది చాలావరకు న్యాయమే. దేశం తెలియని మనిషి ఎనిమిది నెలలు ఒకే ఊళ్లో కూర్చొని చేసిన పని అది. అయినప్పటికీ ఒక మాట చెప్పక తప్పదు. ఎంగిలి భయాన్ని గౌరవించి ఒక క్రియను తొలగించినప్పుడు, ఆ భయం ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నదో వారిని కూడా తొలగించినట్టే అయింది. ఉమ్మి వద్దన్న ఇంట్లోకి అంటరానివాడు కూడా రాకూడదు. రెండూ ఒకే సూత్రం. శాసనంలో ఉమ్మి గురించిన అంశం, పరయల ఇళ్లకు వెళ్లాలన్న అంశం ఒకే పత్రంలో ఉండడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. ఉమ్మి తాకించే భాగం కతోలిక సంస్కార విధి నుండి చివరకు 1969లో, వాటికన్ సభ తరువాతి సంస్కరణలలో తొలగింది. వేరు గురువుల సంగతి అంత స్పష్టమైన తేదీతో తొలగలేదు.

1878: గుండ్లకమ్మ

1876–78 కరువును రాయలసీమ ధాత కరువు అని గుర్తుపెట్టుకుంది. బళ్లారి, అనంతపురం ప్రాంతాలలో 1871 జనాభా లెక్కకు, 1881 లెక్కకు మధ్య దాదాపు ఐదోవంతు మనుషులు తగ్గిపోయారు. రాయదుర్గం తాలూకా ఆ నష్టానికి నడిమధ్యన ఉంది. కరువు తరువాత కడప, కర్నూలు, బళ్లారి సీమల్లో అన్ని మిషనులలోనూ చేరికలు పెరిగాయి. లండన్ మిషను తన లెక్కలలో చేరినవారిని, బాప్తిస్మం పొందినవారిని వేరువేరుగా రాసుకునేది. మొదటి సంఖ్య ఎప్పుడూ పెద్దది. ఒక మాలపల్లె మొత్తం పెద్దల మాటమీద వచ్చి చేరేది, తరువాత నేర్చుకొనేది, ఆ తరువాత ఒక్కొక్కరుగా నీటి దగ్గరికి వచ్చేవారు.

ఈ కరువులో బాప్తిస్మం అర్థం బయటపడినది మాత్రం ఒంగోలులో. అమెరికన్ బాప్టిస్టు మిషను అప్పటికి తెలుగు నేలమీద నాలుగు దశాబ్దాలుగా ఉంది. నెల్లూరు దాటి ఫలితం పెద్దగా కనిపించక, దానిని ఎత్తివేయాలన్న మాట కూడా స్వదేశంలో నడిచింది. జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో సంఘం ఏర్పడింది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ద్వారా సువార్త పల్లె నుండి పల్లెకు, చుట్టరికం వెంబడి పాకింది. తోళ్ల వ్యాపారం కోసం తిరిగే దారులే సువార్త దారులయ్యాయి.

కరువు ముదిరినప్పుడు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని సహాయపు పనిగా చేపట్టింది. సర్వే పని తెలిసిన క్లౌ అందులో మూడున్నర మైళ్లు కంట్రాక్టు పట్టి, ఆకలితో వచ్చిన వేలమందికి పని, కూలి చూపించాడు. ఆయన బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. పని విరామాల్లో బోధ సాగింది. చాలామంది బాప్తిస్మం కావాలని అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. పదిహేను నెలలపాటు ఒక్క బాప్తిస్మమైనా ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న నింద వారిమీద పడకూడదని, తన మనస్సాక్షి మీద కూడా పడకూడదని ఆయన ఉద్దేశం. కరువు పని ముగిసింది, ఇక కూలి లేదు, గింజలు లేవు అని చెప్పి పంపేసిన తరువాత కూడా జనం తిరిగి వచ్చారు. 1878 జూన్ మధ్యలో బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాయి. జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది మొత్తం 9,606.

ఆ రోజు గురించి మన సంఘాలలో చెప్పుకునే తీరులో సంఖ్య మీదే మోజు ఎక్కువ. పనితీరు కూడా చూడదగినది. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీటిలో నిలబడ్డారు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు దిగారు. క్లౌ గట్టున నిలబడి ఏర్పాట్లు చూశాడు తప్ప తాను ఎవరికీ ఇవ్వలేదు. మధ్యాహ్నపు విరామం పోగా సుమారు తొమ్మిది గంటలు పట్టింది. లెక్కవేస్తే ఒక్కొక్కరికి అరనిమిషం కంటే కొంచెం తక్కువ. పెంతెకొస్తు నాడు మూడువేలమందిని ముంచడం సాధ్యమేనా అని పాశ్చాత్య పండితులు లేవదీసిన అనుమానానికి బాప్టిస్టులు ఈ లెక్కనే జవాబుగా చూపేవారు. యెరూషలేములో పన్నెండుమంది అపొస్తలులు ఉన్నారు గనుక లెక్క సరిపోతుంది.

నా దృష్టిలో ఆ ఒక్క రోజు కంటే అంతకు ముందటి పదిహేను నెలలే ఎక్కువ చెబుతాయి. ఊరి బావిలో చేద వేయరాని మనుషులు మూడున్నర మైళ్ల నీటి కాలువ తవ్వుతూ, తమను నీటిలోకి రానిమ్మని అడుగుతున్నారు. రానివ్వనంటున్న బోధకుడు అవమానించడానికి అనడం లేదు, వారి అడుగుటకు విలువ కట్టడానికి అంటున్నాడు. అయినా కాదనే అధికారం ఆయన చేతిలోనే ఉంది. ఆ పదిహేను నెలల్లో బాప్తిస్మం పొందకుండానే చనిపోయినవారి సంగతి ఆయన విధానంలో ఎక్కడ ఇముడుతుంది? విశ్వాసమే రక్షణకు ఆధారమని, బాప్తిస్మం దానికి సాక్ష్యమని బాప్టిస్టు వేదాంతం చెబుతుంది గనుక ఆయన నిబ్బరంగా ఆగగలిగాడు. ఒక కతోలిక గురువుకో, లూథరన్ పాదిరికో అంత నిబ్బరం సాధ్యం కాదు. చావుబతుకుల మధ్య ఉన్నవానికి నీళ్లు నిరాకరించడం వారి దృష్టిలో కృపను నిరాకరించడం. సంస్కారపు అర్థంలో ఉన్న తేడా పుస్తకాలలో గీత మాత్రమే. కరువు శిబిరంలో అది మనుషుల మధ్య గీత.

ఇంకొక సంగతి. మాదిగలను ముంచిన ఆ చేతులు ఎవరివి? తెలుగు బోధకులవి, వారిలో మాదిగలూ ఉన్నారు. అది పారే ఏరు, పగటి వెలుగు, నలుగురు చూసే చోటు. ఊరి నీళ్లను మైలపరచేవారని ముద్రపడినవారు ఏటిలో దిగి, శుద్ధిని పొందడమే గాక శుద్ధినిచ్చేవారుగా నిలబడ్డారు. రోమా 6:3–4లో పౌలు చెప్పిన మరణం, పునరుత్థానం అన్న మాటలకు తెలుగు నేలమీద ఇంతకంటే బహిరంగమైన వ్యాఖ్యానం నాకు తెలిసి లేదు.

చెరువు గట్టున

గలతీయులకు 3:27–28లో బాప్తిస్మం పొందినవారిలో యూదుడు, గ్రీసుదేశస్థుడు అన్న భేదం లేదని పౌలు రాశాడు. తెలుగు సంఘాల అనుభవం ఆ మాటకు సాక్ష్యం ఇవ్వలేదు. కడప సీమలో లండన్ మిషను సంఘాలు ఎక్కువగా మాలలవి, ఒంగోలు సంఘాలు ఎక్కువగా మాదిగలవి. ఒకే మండలంలో రెండు గుడులు, రెండు శ్మశానాలు ఉన్న ఊళ్లను వెతకనక్కరలేదు. నీళ్లు ఒకటే, పోసినది ఒకే నామమున, కలిసి తాగడానికి మాత్రం గిన్నె రెండు.

ఇక ఊరి దృష్టిలో బాప్తిస్మం అంటుదనాన్ని కడగలేదు. గుండ్లకమ్మ బాప్తిస్మాలకు 107 ఏళ్ల తరువాత, అదే పాత ఒంగోలు మిషను సీమలోని కారంచేడులో, మాదిగలు తాగే నీటి చెరువు దగ్గర పశువుల కుడితి బకెట్టు కడగడం మీద మాటా మాటా పెరిగింది. మరునాడు, 1985 జూలై 17న, ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. ఆ మాదిగపల్లె క్రైస్తవపల్లె. మూడు నాలుగు తరాల క్రితమే నీటిలో మునిగి లేచినవారి సంతానం తమ తాగునీరు పాడుచేయవద్దని అడిగినందుకు చంపబడింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు అందరివి అని రాజ్యాంగం 15వ అధికరణం 1950 నుండే చెబుతున్నది. అంతకు ముందు 1927 మార్చి 20న మహాడ్‌లో డాక్టరు అంబేడ్కర్ చవదార్ చెరువు నీరు దోసిట పట్టి తాగినది ఆ హక్కు కోసమే. మన సెమినరీలలో సంస్కారాల పాఠం చెప్పేటప్పుడు జోర్డాను, ఐనోను గురించి చెప్పినంతగా మహాడ్, కారంచేడుల గురించి చెప్పకపోవడం లోపమే.

పుస్తకంలో పేరు

నీళ్లు ఆరిపోతాయి, రిజిస్టరు నిలిచిపోతుంది. 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు 3వ పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డు కులస్థులు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దొరికింది. క్రైస్తవులకు దొరకలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాలవారు బి.సి. ‘సి’ గ్రూపులో, ఒక శాతం రిజర్వేషనులో ఉన్నారు. దీనితో బాప్తిస్మపు పుస్తకం కోర్టు సాక్ష్యమైంది. పసితనంలో బాప్తిస్మం పొందిన పుదుచ్చేరి మహిళ ఒకరు షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కోరగా, 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆధారాలలో ఆమె బాప్తిస్మం కూడా ఒకటి. మతానికీ ఈ హోదాకూ ముడి తీసివేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది.

ఫలితం ప్రతి పల్లె పాస్టరుకూ తెలుసు. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. మందిరానికి వస్తారు, కానుక వేస్తారు, నీటి దగ్గరికి మాత్రం రారు. వీరిని పిరికివారని వేదికమీద గద్దించే బోధకులున్నారు. అది నాకు నచ్చని మాట. ఇద్దరు పిల్లల చదువు ఒక తండ్రి విశ్వాసపు కొలబద్ద కారాదు. క్లౌ నాడు అడిగినవారిని ఆపాడు, ఆకలి వారిని నీటి వైపు తోస్తున్నదేమో అని. నేడు ఆకలి వారిని నీటి నుండి వెనక్కి లాగుతున్నది.

దీనికి ఒక వేదాంత సమాధానం తెలుగు నేలమీదే పుట్టింది. కృష్ణాజిల్లా మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు 1942లో క్రీస్తు దర్శనం పొందినట్టు చెప్పుకొని, ఆ మీదట వేలమందికి గురువయ్యాడు. క్రీస్తును ఆరాధించాడు, మతాన్ని తిరస్కరించాడు. బాప్తిస్మం కూడా ఆయన దృష్టిలో మతపు తంతే. డెన్మార్కు నుండి వచ్చి బెంగుళూరులో బోధించిన కాయ్ బోగో 1968లో ఈ ఉద్యమంపై పుస్తకం రాశాడు. అటుపిమ్మట ఎం.ఎం. థామస్‌కు, బిషప్ లెస్లీ న్యూబిగిన్‌కు మధ్య 1970ల ఆరంభంలో, సంఘపు హద్దుల బయట, బాప్తిస్మం లేకుండా క్రీస్తు సహవాసం సాధ్యమా అన్న చర్చ నడిచింది. ఆ చర్చలో నా మొగ్గు న్యూబిగిన్ వైపే. కంటికి కనబడే సహవాసం లేనిచోట మనిషి తన పుట్టిన కులపు సహవాసంలోనే మిగిలిపోతాడు. సుబ్బారావుగారు అగ్రకులస్థుడు. నీటి గురించి తంతు అని తీసివేయగల స్వేచ్ఛ, ఏ బావి దగ్గరా ఎవరూ ఆపనివానికి ఎక్కువ సులభం.

హెచ్చెల్సీ కాలువ

1960ల నుండి తుంగభద్ర ఎగువ కాలువ, ఈ సీమవారి నోట హెచ్చెల్సీ, కణేకల్ సమీపంగా పారుతున్నది. చెలమలు తప్ప ఎరుగని చోట మనిషి మునిగేంత నీరు మొదటిసారి ఏటేటా వచ్చింది. లండన్ మిషను సంఘాలు 1908లో దక్షిణ ఇండియా ఐక్యసంఘంలోను, 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ.లోను కలిశాయి. బాప్టిస్టులు కలవలేదు. అటు 1932లో వాంకూవరులో ముంచుడు బాప్తిస్మం పొందిన భక్తసింగ్ ప్రభావంతో ఏర్పడిన సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు రాయలసీమ అంతటా విస్తరించాయి. చిలకరింపు పొందిన సి.ఎస్.ఐ. కుటుంబాల పిల్లలు పెద్దవారై ఈ సంఘాలలో మళ్లీ మునుగుతున్నారు. 1982 లీమా పత్రం రెండవ బాప్తిస్మంగా కనబడే ఏ పనీ చేయవద్దన్నది. ముంచేవారి వాదం, మొదటిది బాప్తిస్మమే కాదని. ఈ రెంటి మధ్య మధ్యేమార్గం ఇంతవరకు ఎవరూ చూపలేదు.

ఒక విషయం మాత్రం గమనించాలి. ఊరి బావికి, ఊరి చెరువుకు ఉన్న పాత హద్దులు ఈ కాలువకు లేవు. బకింగ్‌హాం కాలువలాగే ఇదీ ప్రభుత్వం కూలీల చేత తవ్వించినదే. దీని నీరు ఏ కులపు పెత్తనం కిందా పుట్టలేదు. దీనికి హద్దు కాలమే. తుంగభద్ర బోర్డు లెక్క ప్రకారం నీళ్లు వదిలే నెలల్లోనే కాలువ నిండుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ సీమ రైతులంతా దిగులుపడ్డారు. బాప్తిస్మపు తేదీ విషయంలో పాస్టరుకున్నంత మాట హోస్పేట గేట్లకు కూడా ఉంది. కాలువ ఎండిన నెలల్లో సిమెంటు తొట్టి కట్టి, ట్యాంకరు నీళ్లు పోయించుకోవాలి. ఆ నీళ్లకు డబ్బు సంఘస్థులే వేసుకుంటారు, అయిపోయిన తరువాత తొట్టి నీటిని చెట్లకు వదులుతారు.